పిన్ని నిలబడిన చోట పిల్లరు లేచింది

ఉత్తర తెలంగాణలోని ఒక పురపాలక పట్టణం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినామె పేరు వేయవద్దన్నారు. బడిలో టీచరు. పక్షవాతంతో మంచం పట్టిన తండ్రినీ, తల్లినీ చూసుకుంటూ పుట్టింట్లోనే ఉంటున్నారు. తమ్ముడు షార్జాలో పని చేస్తున్నాడు. ఇల్లు తల్లి పేరు మీద ఉంది. 150 గజాల స్థలంలో 2014లో అనుమతి తీసుకుని కట్టారు. ప్లానులో చూపించినట్టే గోడకూ ప్రహరీకీ మధ్య ఒక మీటరు, అంటే మూడడుగుల మూడంగుళాల సందు వదిలారు.

ప్రహరీకి అవతల, అంతే స్థలంలో, ముప్పై ఏళ్లుగా ఒక పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంటి పెద్దాయనను ఈమె బాబాయి అంటారు, ఆయన భార్యను పిన్ని అంటారు. చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచి అలవాటైన పిలుపు. పోయిన వేసవిలో వారు పెంకుటిల్లు పడగొట్టి, కింద పరుపుల దుకాణం, పైన రెండంతస్తుల ఇల్లు మొదలుపెట్టారు. పిల్లర్లు సరిగ్గా ప్రహరీని ఆనుకుని లేచాయి. మొదటి స్లాబుకు సెంట్రింగు కొడుతున్నారు. ఇంకో పదిహేను రోజుల్లో కాంక్రీటు పోస్తారట.

ఒక సాయంత్రం బాబాయి వంద రూపాయల స్టాంపు కాగితం పట్టుకొచ్చారు. హద్దు వరకు కట్టుకోవడానికి పక్కింటివారికి అభ్యంతరం లేదని దానిమీద రాసి ఉంది. తల్లి సంతకం పెట్టాలి. ఈమె తటపటాయిస్తుంటే ఆయన ఒకే మాట అన్నారు: "మీ రేకుల షెడ్డు గురించి నేనెప్పుడైనా నోరెత్తానా అమ్మా?"

ఆ షెడ్డు నిజమే. 2019లో ఈమె తమ సందులో వెనక సగానికి రేకులు వేయించి, అక్కడ ఒక పొయ్యి, గ్యాసు బండ పెట్టుకున్నారు. పాత అట్టపెట్టెలూ అక్కడే చేరాయి. రెండేళ్ల కిందట దీపావళి రాత్రి ఎక్కడి నుంచో వచ్చిన రాకెట్టు ఆ పెట్టెల మీద పడింది. మంట రేకుల దాకా లేచింది. నాన్నగారి గది కిటికీ అటువైపే ఉంది. ఆ రాత్రి పిన్ని తమవైపు సందులో నిలబడి, ప్రహరీ మీదుగా పైపుతో నీళ్లు కొట్టి మంట ఆర్పారు.

తమ్ముడు వెంటనే ఫిర్యాదు చేయమంటున్నాడు. తల్లి, ఆ రాత్రి పిన్ని కొట్టిన నీళ్లు మరిచిపోయావా అంటోంది. సంతకం పెట్టాలా, ఫిర్యాదు చేయాలా, ఊరుకోవాలా అని ఈమె అడుగుతున్నారు.

జవాబు

ముందు ఆ కాగితం సంగతి చూద్దాం, అది తేలిక. మీ అమ్మగారు సంతకం పెట్టినా బాబాయిగారికి అనుమతి వచ్చినట్టు కాదు. ఇంటి చుట్టూ ఖాళీ వదలాలనే నిబంధన మీ రెండు ఇళ్ల మధ్య ఒప్పందం కాదు, మీరిద్దరూ రాజీపడి ఎత్తేయడానికి. అది పురపాలక సంఘం నిబంధన. కాగితం ఉన్నా అధికారులు రావచ్చు, కూల్చవచ్చు. ఆ కాగితం పనికొచ్చేది ఒక్క చోటే. రేపు మీరు ఏ కోర్టుకైనా వెళ్తే, "వీరు ముందే ఒప్పుకున్నారు" అని చూపించడానికి. అంటే ఆయనకు పెద్దగా ఇచ్చేది లేదు, మీ దగ్గర నుంచి మాత్రం తీసుకుంటుంది. ఈ మాట ఆయనకు కోపం లేకుండా చెప్పవచ్చు: "బాబాయ్, ఇది మీకే అక్కరకు రాదు."

ఇక ఆ సందు. అసలు ఎందుకు వదలమంటారో మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. గాలికి, వెలుతురుకు అనుకుంటాం. అది సగమే. మా ఊరు కృష్ణా డెల్టాలో ఉంది. నా చిన్నప్పుడు అక్కడ తాటాకు ఇళ్లే ఎక్కువ. ఎండాకాలంలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే మగవాళ్లు ఆ ఇంటి మీదికి పోయేవారు కాదు. ఇంకా అంటుకోని పక్కింటి కప్పు మీదికి ఎక్కి, తాటాకు చేతులతో పీకి కిందికి తోసేసేవారు. ఆ ఇంటావిడ గుండెలు బాదుకుంటున్నా ఆగేవారు కాదు. మంటకూ, మిగిలిన వాడకూ మధ్య ఒక ఖాళీ కావాలి. ముందే వదలలేదు కాబట్టి అప్పటికప్పుడు ఒకరి ఇల్లు పీకి ఆ ఖాళీ తయారు చేసుకునేవారు. గడ్డివామిని ఇంటికి దూరంగా వేయమని పెద్దలు పోరేది కూడా అందుకే.

ఇప్పుడవి స్లాబు ఇళ్లు, ఇటుక గోడలు, కాబట్టి ఆ భయం లేదనుకోవద్దు. ఇటుక అంటుకోదు, కిటికీ అంటుకుంటుంది. నిప్పు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మూడు దారుల్లో పోతుంది. మంట నేరుగా తగలడం ఒకటి, నిప్పురవ్వలు ఎగిరి పడటం రెండు. మూడోది కంటికి కనపడదు. అది సెగ. మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాటు. దానికి పన్నెండు రెట్ల సెగ కొంతసేపు తగిలితే, పక్కన ఒక్క నిప్పురవ్వ ఉంటే చాలు, ఎండు కర్ర అంటుకుంటుంది. బాగా రాజుకున్న గది కిటికీలోంచి వచ్చే సెగ అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ అది గబగబా తగ్గిపోతుంది. కిటికీకి ఎదురుగా కిటికీ ఉంటే, మధ్యలో జాగా లేకపోతే, మంట తాకకుండానే అవతలి గదిలో తెర అంటుకుంటుంది.

ఈ సంగతి బాణసంచా దుకాణాలకు రాసిన నిబంధనలో బాగా తెలుస్తుంది. 2008 నాటి పేలుడు పదార్థాల నియమావళి ప్రకారం దీపావళికి వేసే తాత్కాలిక దుకాణాల మధ్య కనీసం మూడు మీటర్లు ఉండాలి, ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండకూడదు. 2022 దీపావళికి విజయవాడ జింఖానా మైదానంలో దుకాణాలు అంటుకుని ఇద్దరు చనిపోయారు. ఇళ్లకు ఆ లెక్క వర్తించదు కానీ, దూరమూ ఎదురుబొదురూ ఎందుకు చూస్తారో అక్కడ అర్థమవుతుంది.

మీ ఇంటికి వర్తించే లెక్క 2012 ఏప్రిల్ 7 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లో ఉంది. 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో పది మీటర్ల ఎత్తు లోపు ఇల్లయితే ముందు వైపు కాక మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. మీ 150 గజాలు 125 చదరపు మీటర్లు, బాబాయిగారివీ అంతే. అంటే మీది ఒక మీటరు, ఆయనది ఒక మీటరు, కలిపి రెండు. నిజం చెప్పాలంటే, రాజుకున్న దుకాణం ముందు రెండు మీటర్లు గొప్ప దూరమేమీ కాదు. అదే 18 మీటర్లు దాటిన భవనమైతే చుట్టూ కనీసం ఏడు మీటర్లు వదలమంటారు, అగ్నిమాపక శాఖ అనుమతి కూడా కావాలి. మీలాంటి ఇళ్ల దగ్గరికి ఆ శాఖ ముందుగా వచ్చి చూడదు. కాబట్టి మీకున్న రక్షణ ఆ రెండు మీటర్లే. అదీ మంటను పూర్తిగా ఆపడానికి కాదు, కొంత సమయం సంపాదించుకోవడానికి. మనిషి నిలబడి నీళ్లు కొట్టడానికి. పిన్ని నిలబడింది అక్కడే కదా. ఇప్పుడు పిల్లరు లేచింది కూడా అక్కడే.

ఇక్కడ మీకు కొంచెం చేదుగా ఉండే మాట చెప్పాలి. ఆ రెండు మీటర్లలో మొదటి మీటరు నింపింది మీరే. 2019లో. ఆ దీపావళి రాత్రి అంటుకున్నది మీ అట్టపెట్టెలు, మీ సందులో, గ్యాసు బండ పక్కన. ఆర్పగలిగింది ఆయన సందు ఖాళీగా ఉండబట్టి. బాబాయిగారు "మీ షెడ్డు" అన్నప్పుడు అది బెదిరింపులా వినిపించి ఉండవచ్చు. కానీ ఆయన లెక్క ఆయనకుంది: వాళ్లు నింపారు, నేను నింపుతున్నాను, చెల్లుకు చెల్లు. ఆ లెక్క తప్పు. రెండు తప్పులు కలిసి ఒకదాన్నొకటి కొట్టేయవు, మధ్యలో జాగానే లేకుండా చేస్తాయి. అయితే ఆ లెక్క తప్పని చెప్పే స్థితిలో ఇవాళ మీరు లేరు.

అందుకే మీ తమ్ముడు చెప్పిన దారి ముందు చూద్దాం. పురపాలక సంఘం టౌన్‌ప్లానింగ్ విభాగంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. అక్కడ కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం వినతులు తీసుకునే ప్రజావాణికి వెళ్లవచ్చు. ఆమోదం పొందిన ప్లాను నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మీకున్నది పదిహేను రోజులే కాబట్టి దానికోసం ఆగకండి. 2020 తర్వాత తెలంగాణలో ఇలాంటి చిన్న ఇళ్లకు యజమాని స్వయంగా ధ్రువీకరించి ఇస్తే వెంటనే అనుమతి వచ్చే పద్ధతి ఒక చట్టం ద్వారా వచ్చింది. అంటే బాబాయిగారు ఇచ్చిన ప్లానులో దాదాపు కచ్చితంగా ఒక మీటరు వదిలినట్టే ఉంటుంది. ప్లానుకు విరుద్ధంగా కట్టినది కూల్చే అధికారం కూడా అదే చట్టం అధికారులకు ఇచ్చింది. ప్లానులో దుకాణం చూపించారో, ఇల్లే చూపించారో కూడా చూడండి.

ఫిర్యాదు పని చేయవచ్చు. కానీ కొలవడానికి వచ్చిన మనిషి ప్రహరీకి ఒకవైపే టేపు పెట్టి వెళ్లిపోడు. మీ షెడ్డు కూడా రాసుకుంటాడు. అప్పుడు రెండు ఇళ్లకూ నోటీసు వస్తుంది, ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం మిగులుతుంది. ఇలాంటి గొడవలు ఎన్నో ఉత్తరాల్లో చదివాను. చివరికి కూల్చడానికి వచ్చినవారు స్లాబు మీద రెండు రంధ్రాలు కొట్టి, ఫొటో తీసుకుని, పని ముగిసిందనిపించిన సందర్భాలు ఉన్నాయి. తర్వాత ఆ రంధ్రాలు పూడ్చేస్తారు, పక్కింటివారు మాత్రం జీవితాంతం మాట్లాడరు.

కోర్టుకు వెళ్లి కట్టడం ఆపమని మధ్యంతర ఉత్తర్వు కోరడం ఇంకో దారి. వకీలు ఖర్చు, వాయిదాలు మీకు తెలుసు. దానికంటే ముందు జడ్జిగారు అడిగేది, మీ వైపు ప్లాను ప్రకారం ఉందా అని. శుభ్రమైన చేతులతో రమ్మనేది కోర్టుల పాత మాట. మీ షెడ్డు అలాగే ఉంచి ఆ దారి పట్టమని నేను చెప్పలేను.

ఊరుకోవడమూ ఒక దారే. దానిని తీసిపారేయను. మంచం పట్టిన తండ్రి ఉన్న ఇంట్లో, రాత్రిపూట పిలిస్తే పరుగున వచ్చే పక్కింటివారు ఉండటం చిన్న విషయం కాదు. కానీ ఊరుకుంటే ఏమవుతుందో కళ్లు తెరిచి చూడండి. నాన్నగారి కిటికీకి ఎదురుగా గోడ లేస్తుంది, గాలి ఆగిపోతుంది. ఆ గోడకు అవతల పరుపులు. పరుపుల్లోని ఫోము అంటుకుంటే ఎంత వేగంగా మండుతుందో, ఎంత నల్లని విషపు పొగ వదులుతుందో అగ్నిమాపక సిబ్బందిని అడిగితే చెబుతారు. గోడలో కిటికీనో, పొగగొట్టం ఫ్యానో పెడితే ఆ పొగ వచ్చేది మీ నాన్నగారి గదిలోకే. ఊరుకునేట్టయితే కనీసం ఒకటి అడగండి. ఆ వైపు గోడ కింది నుంచి పైదాకా తొమ్మిదంగుళాల ఇటుకతో, ఒక్క కంత కూడా లేకుండా లేపమనండి. కిటికీ వద్దు, వెంటిలేటరు వద్దు, ఏసీ డబ్బా వద్దు. అలాంటి గోడ చాలాసేపు నిప్పును ఆపుతుంది. నిబంధన ఉల్లంఘన మాత్రం పోదు, ప్రమాదం తగ్గుతుంది, అంతే. ఈ మాట కూడా కాగితం మీద రాసుకోవద్దు.

నాలుగో దారికి తొందర కావాలి. స్లాబు పోయకముందు ఉన్న ఈ పదిహేను రోజులే దానికి అదను. కాంక్రీటు పోశాక ఇక ఎవరి మాటా వినబడదు.

ఆ దారి షెడ్డు తీసేయడంతో మొదలవుతుంది. మీరే, వాళ్లు చూస్తుండగా. రేకులు విప్పించండి, బండ వంటింట్లోకి తెచ్చుకోండి, అట్టపెట్టెలు పాత సామాను కొనేవారికి ఇచ్చేయండి. మీకు కొంత ఇబ్బంది, వంటింట్లో ఇరుకు. కానీ మర్నాడు మీరు బాబాయిగారి ముందు మాట్లాడే గొంతు వేరుగా ఉంటుంది. "మీరు అన్నది నిజమే బాబాయ్, మాది తీసేశాం" అని మొదలుపెట్టగలరు. ఆ తర్వాత చెప్పాల్సినవి ఆయనకు లాభనష్టాల భాషలో చెప్పండి. దుకాణదారుకు అది తొందరగా ఎక్కుతుంది.

మొదటిది, నిబంధనల్లో పదిశాతం దాకా తేడాను జరిమానా కట్టి సరిచేసుకునే వెసులుబాటు ఉంది. ఒక మీటరులో పదిశాతం అంటే పది సెంటీమీటర్లు, బెత్తెడుకు కాస్త ఎక్కువ. ఆయన మింగుతున్నది మొత్తం మీటరు. రెండోది, "తర్వాత క్రమబద్ధీకరిస్తారులే" అనే ధీమా. 2015లో వచ్చిన బీఆర్ఎస్ (పార్టీ కాదు, భవనాల క్రమబద్ధీకరణ పథకం) ఆ ఏడాది అక్టోబరు 28కి ముందు కట్టినవాటికే, అదీ కోర్టులో చిక్కుకుంది. ఆయన భవనానికీ, మీ షెడ్డుకూ అది వర్తించదు. మూడోది ఆయన నిద్ర చెడగొట్టాల్సినది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఉత్తర్‌ప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. కట్టడం పూర్తయి వాడకానికి అనుమతించినట్టు ధ్రువపత్రం చూపితేనే కరెంటు, నీళ్లు వంటి కనెక్షన్లు ఇవ్వాలంది. అక్రమ కట్టడంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వవద్దంది. బ్యాంకులు కూడా ఆ పత్రం చూశాకే అప్పివ్వాలంది. పరుపుల దుకాణం పెట్టాలనుకునే మనిషికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఆయన అన్నీ విని "పిల్లర్లు వేసేశాను కదా" అంటారు. నిజమే. లోపలికి జరగాలంటే ఆ వరుసకు కొత్త పునాదులు తవ్వుకోవాలి, ఖర్చు తక్కువేమీ కాదు. మేస్త్రితో తేలే సంగతి కాదిది, ఒక ఇంజనీరును కూర్చోబెట్టుకోమనండి. హద్దు మీద పిల్లరు వేసినప్పుడు దాని అడుగున ఉండే ఫుటింగు మీ నేలలోకి వచ్చిందేమో కూడా అదే ఇంజనీరును అడగవచ్చు. అది వచ్చి ఉంటే విషయం సందును దాటిపోయినట్టే. ఆ సంగతి మీరుగా ముందు ఎత్తకపోయినా, తెలుసుకుని ఉండండి.

ఆయన వినకపోవచ్చు. అప్పుడు ఫిర్యాదు దారి మీకు మూసుకుపోదు. షెడ్డు తీసేసిన మీరు ధైర్యంగా ఇవ్వవచ్చు. ఇచ్చేముందు ఒకసారి ఆయనకు చెప్పి ఇవ్వండి. చాటుగా ఇచ్చిన కాగితం మీదే అనుమానం ఎక్కువ. పిన్నితో విడిగా మాట్లాడటమూ మంచిదే. ఆ రాత్రి పైపు పట్టుకున్న మనిషికి సందు విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. మీ అమ్మగారు అడిగింది కూడా అదే కదా, మరిచిపోయావా అని. మరిచిపోవద్దు. ఆ రాత్రి జరిగిందంతా పిన్నికే చెప్పి అడగండి.

వీటిలో ఏది ఎంచుకున్నా, ఈ వారంలోనే వెల్డరును పిలవండి. నాన్నగారి గది కిటికీకి ఊచల చట్రం గోడలో పాతేసి ఉంటుంది, మన ఇళ్లలో చాలావాటికి అంతే. దాన్ని కోసి, కీళ్లు పెట్టి, లోపలి నుంచి తెరుచుకునే తలుపులా చేయించండి. తాళం వేస్తే చెవిని ఆ కిటికీ పక్కనే మేకుకు తగిలించండి, బీరువాలో దాచకండి. వీలుంటే ఆయన మంచం ముందుగదిలోకి మార్చండి. రాత్రిపూట ఆయనను ఎత్తి బయటికి తేవాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఇంట్లో ఉన్నది మీరూ అమ్మగారూ. ఆ రెండో మనిషి ఎవరో, ఏ నంబరుకు ఫోను చేస్తే వస్తారో ముందే అనుకుని ఉండండి. బహుశా ఆ నంబరు కూడా ప్రహరీకి అవతలిదే అయి ఉంటుంది.